బంతి లేని చోట

జంగ్లీఘాట్‌లో మా సందు మొదట్లో ఒక టీ కొట్టుంది. సాయంత్రం ఆట ముగించుకుని కుర్రాళ్లు బురద కాళ్లతోనే అక్కడికి చేరతారు. ఇంట్లో శ్రీకాకుళం యాస, వీధిలో పోర్ట్ బ్లెయిర్ హిందీ. ఊరి పేరు శ్రీ విజయపురం అయింది 2024 సెప్టెంబరులో. నా నాలుక ఇంకా మారలేదు, మన్నించాలి. మొన్న ఆ కుర్రాళ్ల మధ్య పెద్ద తగువు. తమ టీములో ముందు ఆడే స్ట్రైకర్ గురించి. వాడు ఈ సీజన్లో దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టాడు. అయినా ఒకడంటాడూ, "వాడు పరిగెత్తడ్రా. బంతి కాళ్ల దగ్గరికొస్తే ఆడతాడు, లేకపోతే పెళ్లికొచ్చిన చుట్టంలా నిలబడతాడు." రెండోవాడు ఊరుకుంటాడా? "గోల్ కొడుతున్నాడా లేదా? నువ్వు ఊరంతా పరిగెడతావు, ఇప్పటికి ఎన్ని కొట్టావు?" మాటా మాటా పెరిగింది. చివరికి నా వైపు తిరిగి, "మాస్టారూ, మీరు చెప్పండి" అన్నారు.

నేను కుర్రతనంలో లెఫ్ట్ బ్యాక్ ఆడినవాణ్ణి. బ్యాక్ ఆడినవాణ్ణి స్ట్రైకర్ గురించి అడగడమంటే కోడలి గురించి అత్తగారిని అడగడమే. ఆ రోజు టీ చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ ఆకాశవాణి వారు కాసేపు మాట్లాడమన్నారు కాబట్టి, ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

రేడియోలో ఫుట్‌బాల్ విన్న పెద్దలకు ఒక సంగతి తెలుసు. వ్యాఖ్యాత గొంతు బంతి వెంటే పరిగెడుతుంది. బంతి ఎవరి దగ్గరుంటే వాడి పేరు వినపడుతుంది. మిగతా ఇరవై ఒక్క మంది ఆ క్షణంలో లేనట్టే. టీవీ వచ్చాక కళ్లకు కనిపిస్తోంది కదా అనుకున్నాం. కానీ కెమెరా కూడా బంతికి కట్టేసిన మేకే. 90 నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా వాడు ఏం చేస్తున్నాడో మైదానం పక్కన నిలబడినవాడికి తప్ప తెలియదు. మా కుర్రాళ్లు తగువులాడుకుంటున్నది ఆ మిగతా సమయం గురించే. దాన్నే ఇప్పుడు వర్క్ రేట్ అంటున్నారు. మా రోజుల్లో ఆ మాట లేదు. "వీడు ఊపిరున్న ఆటగాడు" అనేవాళ్లం.

దీవుల్లో ఉన్న మనకు ఈ సంగతి మిగతా దేశం కంటే కాస్త ఎక్కువ అర్థం కావాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి, 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా మన ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ మీద నడిచింది. ఫోన్లో మ్యాచ్ మొత్తం చూడటం ఎక్కడిది? గోల్ ముక్క ఒకటి, ముప్పై సెకన్లది, గిరగిరా తిరిగి తిరిగి తెరుచుకునేది. ఒక తరం కుర్రాళ్లు ప్రపంచంలోని గొప్ప స్ట్రైకర్లందర్నీ ఆ ముప్పై సెకన్ల ముక్కల్లోనే చూసి పెరిగారు. టీవీ ఉన్న ఇళ్లలో సంగతి వేరు. 2014లో బ్రెజిల్‌లో ప్రపంచ కప్ జరిగినప్పుడు కొన్ని మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామున మూడున్నరకు మొదలయ్యేవి. దేశంలో చాలా భాగం చీకట్లో చూస్తుంటే, జూన్ నెలలో మనకు రెండో సగం నడుస్తుండగానే కిటికీలోంచి వెలుతురు పడేది. చూసినవాళ్లు తక్కువ. పొద్దున్నే గోల్ గురించి చెప్పుకున్నవాళ్లు ఎక్కువ.

సరే, నిలబడే స్ట్రైకర్ దగ్గరికి వద్దాం. నిలబడటం అన్నిసార్లూ బద్ధకం కాదు.

నా చిన్నప్పుడు, మా నాన్న మమ్మల్ని ఓడెక్కించి ఇక్కడికి తీసుకురాకముందు, మా ఊరు శ్రీకాకుళం తీరంలో. అక్కడ అలివి లాగడం చూసేవాణ్ణి. వల రెండు కొసలకూ తాళ్లు, ఒక్కో తాడుకు పది పదిహేను మంది, ఇసకలో మడమలు దిగేసి లాగేవాళ్లు. ఒక ముసలాయన మాత్రం తాడు ముట్టేవాడు కాదు. గట్టు మీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ల రంగు చూసేవాడు. చేప ఎటు తిరిగిందో, వల ఎప్పుడు ముయ్యాలో కేకేసి చెప్పేది ఆయనే. అందరికీ చెమటలు, ఆయనకు మాత్రం కళ్లజోడు కూడా జారేది కాదు. వాటా పంచేటప్పుడు ఆయనకూ పూర్తి వాటా. ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

మెస్సీ మైదానంలో నడవడం చూస్తే నాకు ఆ ముసలాయన గుర్తొస్తాడు. ఆట మొదలైన తొలి నిమిషాల్లో మెస్సీ బంతి కేసి పోడు. అటూ ఇటూ మెల్లగా నడుస్తూ, తల తిప్పి తిప్పి చూస్తాడు. ఎదుటి డిఫెండర్ల మధ్య సందు ఎక్కడుందో, ఏ మిడ్‌ఫీల్డర్ ముందుకు జరిగాక వెనక్కి రావడంలో ఆలస్యం చేస్తాడో లెక్కేసుకుంటాడు. అది కూడా పనే. 2022లో ఖతార్‌లో కప్పు గెలిచినప్పుడు ఆయనకు 35 ఏళ్లు, 7 గోల్స్, టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి.

కానీ అక్కడొక ఖర్చుంది, ఆ ఖర్చు ఎవరో కట్టాలి. మెస్సీ నడిచిన ప్రతిసారీ రోడ్రిగో డి పాల్ పరిగెత్తాడు. మెస్సీ పక్కన 22 ఏళ్ల హూలియన్ ఆల్వారెజ్ ఎదుటి బ్యాక్‌ల మీద పడి పడి తరిమాడు, తరుముతూనే 4 గోల్స్ కొట్టాడు. అర్జెంటీనా టీమంతా కలిసి ఒక మనిషి నడకను కొనుక్కుంది. సరుకు ఆ ధరకు తగిందే, కప్పు వచ్చింది. 1994లో బ్రెజిల్ కూడా అలాగే రొమారియో విశ్రాంతిని కొనుక్కుంది. ఆయన 5 గోల్స్ ఇచ్చాడు, వాళ్లకు కప్పు దక్కింది. అంచేత స్ట్రైకర్ పరిగెత్తడం లేదని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఒకటే. అతని బదులు పరిగెడుతున్నది ఎవరు? అతనికి అభ్యంతరం ఉందా? మా టీ కొట్టు తగువులో కోపంగా అరిచినవాడు ఆ టీములో లెఫ్ట్ హాఫ్ ఆడతాడు. అరవడా మరి!

ఇంకా లోతుకు పోవాలంటే మన ఇంటి మనిషి కథ చెప్పుకోవాలి. ఈ తరం చాలామందికి ఆ పేరు తెలియదు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడ. తులసీదాస్ బలరాం 1936లో అక్కడ ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు, సికింద్రాబాద్ గల్లీల్లో బంతాడుతూ పెరిగాడు. ఆ కాలంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే దేశమంతా భయపడేది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు పట్టుకుపోయింది. ఆ టీము వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. వృత్తికి బడిపంతులు. నాకు ఆయనంటే ఉన్న గౌరవంలో సగం అందుకే, ఒప్పుకుంటాను. రహీం సాబ్ కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో అలవాటు లేని కాలితో మాత్రమే తన్నాలి. మరో పోటీలో బంతిని దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, వచ్చిందాన్ని వచ్చినట్టు పక్కవాడికి ఇచ్చేసి ఖాళీలోకి పోవాలి. రెండో పోటీ ఎందుకో ఆలోచించండి. బంతి వదిలాక ఏం చేస్తావన్నదే అక్కడ పరీక్ష. దేశంలో ఇంకెవరికీ తోచని రోజుల్లో ఆయన బంతి లేని ఆటకు మార్కులు వేశాడు.

ఆ బడిలోంచి వచ్చాడు బలరాం. 1956లో, ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆస్ట్రేలియాను 4–2తో కొట్టిన ఆ టీము నాలుగో స్థానంలో నిలిచింది. మన దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్లో అంత పైకి మళ్లీ ఎక్కలేదు. ఆ మ్యాచ్ తలుచుకుంటే అందరికీ గుర్తొచ్చేది నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. న్యాయమే. మరుసటి ఏడు బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్లో చేరాడు. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడాది కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచాడు. కాబట్టి ఆయన గోల్ కొట్టలేక వెనక్కి వచ్చిన మనిషి కాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మా నాన్న అప్పట్లో కలకత్తా, పోర్ట్ బ్లెయిర్ మధ్య తిరిగే ఓడలో కలాసీ. ఓడ రేవులో ఆగిన రోజుల్లో మైదాన్‌కు పోయి మ్యాచ్ చూసి వచ్చేవాడు. "మన సికింద్రాబాద్ కుర్రోడు" అని బలరాం గురించి గర్వంగా చెప్పేవాడు. ఎన్ని గోల్స్ కొట్టాడు నాన్నా అని అడిగితే తెల్లమొహం వేసేవాడు. కానీ ఏ పక్క నిలబడి చూశాడో, ఎదురుగా ఏ టీము ఉందో, ఆ రోజు వాన పడిందో లేదో అన్నీ చెప్పేవాడు. నాకప్పుడు అది మతిమరుపు అనిపించేది.

అప్పటి భారత టీములో ముందు వరసలో ముగ్గురు. కుడి అంచున ప్రదీప్ కుమార్ బెనర్జీ, అంటే పీకే. లోపల చునీ గోస్వామి. వీళ్లతో బలరాం. ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో పలకడం బెంగాల్లో ఇప్పటికీ అలవాటు. పీకేది తుపాకీ దెబ్బ లాంటి షాట్. చునీది నాట్యం. (ఆయన బెంగాల్ క్రికెట్ టీముకు కూడా రంజీ ఆడాడు. ఆ ఇంట్లో దేవుడు రెండుసార్లు వడ్డించాడు.) మరి బలరాం ఎక్కడ ఆడేవాడు? ఇక్కడే చిక్కు. ఎడమ అంచున ఆడాడు, లోపలా ఆడాడు, నడుమ సెంటర్ ఫార్వర్డ్‌గానూ ఆడాడు. అవసరమైతే సొంత సగంలోకి దిగివచ్చి బంతి అందుకుని, దాన్ని ముందుకు నడిపేవాడు. ఇద్దరు మొనగాళ్లు ముందు నిలబడి బంతి కోసం చేతులెత్తుతుంటే, ఆ బంతి తెచ్చిపెట్టే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. ఆ ముగ్గురిలో అది తన పని అనుకున్నవాడు బలరాం. అదే కాలంలో రియల్ మాడ్రిడ్‌లో ఆల్ఫ్రెడో డి స్టెఫానో చేసింది కూడా ఈ రకం పనే. తన గోలీ దగ్గర బంతి తీసుకోవడం, అవతలి గోలీ దగ్గర వదలడం. డి స్టెఫానో 1956 నుంచి 1960 దాకా ఐదు యూరోపియన్ కప్ ఫైనళ్లలోనూ గోల్ కొట్టాడు కాబట్టి ఆయన పరుగును కూడా లోకం కథలుగా చెప్పుకుంది.

ఇప్పుడు 1960 రోమ్ ఒలింపిక్స్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. పట్టిక చూస్తే మనవాళ్లు అట్టడుగున, ఒక్క పాయింటుతో. ఫ్రాన్స్‌తో 1–1, ఆ గోల్ పీకేది. హంగరీ చేతిలో 1–2, పెరూ చేతిలో 1–3. ఆ రెండు ఓటముల్లోనూ మన గోల్ బలరాందే. హంగరీ టీములో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. ఏడేళ్ల తర్వాత యూరప్ ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు. ఆ హంగరీకి అక్కడ కాంస్యం వచ్చింది.

నన్ను ఆపేసేది ఆ గోల్స్ కాదు, వాటి పక్కన ఉన్న నిమిషాలు. హంగరీ మీద 79వ నిమిషం. పెరూ మీద 88వ నిమిషం. ఆ రోజుల్లో మన దేశంలో దేశవాళీ మ్యాచ్‌లు 90 నిమిషాలు కావు, 70 నిమిషాలే. అంటే ఆ రెండు గోల్సూ, సొంత గడ్డ మీద ఆయన ఏనాడూ ఆడే అలవాటు లేని నిమిషాల్లో వచ్చాయి. తోటివాళ్ల కాళ్లు బరువెక్కిపోయే వేళ. టీము వెనకబడి ఉంది, పెరూతో అయితే ఇక గెలిచే ఆశే లేదు. అప్పుడు కూడా ఆయన గోల్ ముందు ఉన్నాడు. అంతసేపూ సొంత సగానికీ ఎదుటి సగానికీ మధ్య తిరిగిన మనిషి. వర్క్ రేట్ అంటే ఏమిటి మాస్టారూ అని నన్ను ఎవరైనా అడిగితే, కిలోమీటర్లు చెప్పను. ఆ రెండు అంకెలు చెబుతాను.

రెండేళ్ల తర్వాత, 1962 జకార్తా ఆసియా క్రీడలు. దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమితో మొదలైంది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1, జపాన్ మీద 2–0. రెండింట్లోనూ స్కోరర్లలో బలరాం పేరుంది. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ కొరియాతోనే. లక్ష మంది జనం, వాళ్లలో చాలామంది మనకు వ్యతిరేకంగా కేకలు. తలకు కుట్లు వేయించుకున్న జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ బ్యాక్ నుంచి తీసి ముందు ఆడించాడు. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోల్లో నిలబడ్డాడు. ఆయన కూడా హైదరాబాద్ గడ్డ మీద పెరిగినవాడే. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి, 2–1. బంగారు పతకం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన దేశానికి అదే చివరి బంగారం. ఫైనల్ స్కోరులో బలరాం పేరు లేదు.

అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరమే ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు ఆట మానమన్నారు. 27 ఏళ్లకే బూట్లు విప్పేశాడు. ఊపిరున్న ఆటగాడు అన్నానే, ఆ ఊపిరే ముందు పోయింది. ఆ 1963లోనే, జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చాయి. బలరాంకు రాలేదు. పెళ్లి చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉండేవాడు. 2020లో పీకే, చునీ నెలన్నర తేడాలో వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న ఆయనా వెళ్లిపోయాడు.

గోల్ కొట్టినవాడి పేరు కాగితం మీద ఉంటుంది. పరుగు ఎవడి కోసం పెట్టావో వాడి జ్ఞాపకంలోనే ఉంటుంది. జ్ఞాపకం ఉన్నవాళ్లు పోతే అదీ పోతుంది. బలరాం విషయంలో జరుగుతున్నది అదే. ఆయన ఆటను మొదటి నుంచి చివరిదాకా చూపించే రీళ్లు మనలాంటి వాళ్ల చేతికి అందేలా లేవు. గోల్స్ పట్టికలే మిగిలాయి. పట్టికలో ఆయన ముగ్గురిలో ఒకడు, అంతే.

సికింద్రాబాద్‌లోనే పుట్టిన ఇంకో స్ట్రైకర్ ఉన్నాడు. ఆయన పేరు చెబితే టీ కొట్టు మొత్తం లేచి నిలబడుతుంది. సునీల్ ఛెత్రి. తండ్రి సైన్యంలో పనిచేశారు, 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు, పెరిగింది వేరే ఊళ్లలో. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి గోల్. 2024 జూన్ 6న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో ఆడి వీడ్కోలు చెప్పేనాటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. తిరిగి పిలిస్తే వచ్చి, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వది కొట్టాడు. అప్పటికి ఆయనకు 40 నిండాయి. దేశం తరఫున గోల్స్ కొట్టినవాళ్ల వరసలో ఆయన కంటే పైన రొనాల్డో, మెస్సీ, ఇరాన్‌కు చెందిన అలీ దాయి. నాలుగో పేరు మనది.

వెంటనే ఒక గొంతు లేస్తుంది. "ఎవరి మీద కొట్టాడు? నేపాల్ మీద, మాల్దీవుల మీద." ఈ మాటలో నిజముంది, దాన్ని దాచడం అనవసరం. బలరాం గోల్స్ హంగరీ మీద, జపాన్ మీద. ఛెత్రి కాలానికి మన దేశం ఎక్కడుందంటే, 2015 మార్చిలో ఫిఫా ర్యాంకు 173. ఆ టీముతో తిరిగే స్ట్రైకర్‌కు ఎదురొచ్చేవాళ్లు ఎవరో వాళ్లే వస్తారు. పెద్దవాళ్లు ఎదురొచ్చిన కొద్దిసార్లు కూడా ఆయన వెనక్కి తగ్గలేదు. 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ మీదా, కొరియా మీదా గోల్ కొట్టాడు. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4–1తో కొట్టినప్పుడు రెండు ఆయనవే. అసలు 2011 కప్‌కు మనం వెళ్లగలిగింది 2008 ఆగస్టు 13న ఢిల్లీలో తజికిస్తాన్ మీద ఆయన కొట్టిన హ్యాట్రిక్ వల్ల.

పరుగు సంగతి? ఛెత్రి వెనక్కి వస్తాడు. 35 దాటాక కూడా వింగ్ అంచున సొంత బ్యాక్‌కు సాయంగా నిలబడటం చూశాం. అది ఆయన గొప్పే. అయితే అందులో టీము పేదరికం కూడా ఉంది. వెనక నుంచి బంతి ముందుకు తెచ్చేవాడు సరిగా లేని ఇంట్లో, పెళ్లికొడుకే నీళ్లు మోయాలి. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. స్టేడియంలో రెండున్నర వేల మంది. అప్పుడు ఫోను పట్టుకుని, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి రండి అని జనాన్ని బతిమాలాడు. కెన్యాతో ఆడిన తర్వాతి మ్యాచ్‌కు టికెట్లు అయిపోయాయి. అది ఆయన నూరో మ్యాచ్, వానలో, రెండు గోల్స్. ఆ ఫోన్ వీడియోను నేను వర్క్ రేట్ కిందే జమ కడతాను. గోల్ కొట్టి, బంతి లాక్కొచ్చి, చివరికి ప్రేక్షకుల్ని కూడా తానే తెచ్చుకోవాల్సి వచ్చిన స్ట్రైకర్ ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారా?

ఇద్దరిలో ఎవరు గొప్ప అని మీరు అడుగుతారు, తెలుసు. ఇరవై ఏళ్లు ఒంటిని అలా కాపాడుకోవడం, ఆ గోల్స్ లెక్క, ఇవన్నీ ఛెత్రివే. లెక్కలో ఆయన దరిదాపుల్లోకి మన దేశంలో ఎవరూ రారు. అయినా నా తక్కెడ బలరాం వైపే మొగ్గుతుంది. ఎందుకంటే ఛెత్రి పరిగెత్తాల్సి వచ్చింది. బలరాం అక్కర్లేకపోయినా పరిగెత్తాడు. బంగారం గెలిచే టీములో, లీగ్‌లో 23 గోల్స్ కొట్టే సత్తా ఉన్నవాడు, ముందు నిలబడి పేరు కొట్టేయొచ్చు. ఆయన వెనక్కి దిగి పక్కవాళ్లకు బంతి తెచ్చిపెట్టాడు. చూడని ఆటగాణ్ణి చూసినవాడి కంటే పైన పెడుతున్నావేమిటి అంటారా? మా నాన్న చూశాడు. గోల్స్ లెక్క చెప్పలేకపోయాడు. అది మతిమరుపు కాదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన కళ్లు బంతి మీద లేవు, మనిషి మీద ఉన్నాయి.

ఈ రోజుల్లో ఆటగాళ్లు చొక్కా కింద చిన్న యంత్రం కట్టుకుంటారు. ఎంత దూరం పరిగెత్తాడో, ఎన్నిసార్లు దూకుడుగా వెళ్లాడో అది చెబుతుంది. పెద్ద మ్యాచ్‌లో చాలామంది పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతారు. మంచిదే. కానీ సరైన చోటికి వేసిన పదడుగుల కంటే తప్పు చోటికి పరిగెత్తిన కిలోమీటరే ఆ యంత్రానికి ఎక్కువ లెక్క. నేను చూసేది వేరే. బంతి పోగొట్టుకున్నాక స్ట్రైకర్ మొదటి ఐదు సెకన్లు ఏం చేస్తాడు? రిఫరీ వైపు చేతులు చాస్తాడా, పాసిచ్చినవాణ్ణి తిడతాడా, లేక పోగొట్టుకున్నదాని వెంట పడతాడా? మన వాన మైదానాల్లో, మోకాలి దాకా బురదలో, ఆ ఐదు సెకన్లలో మనిషి రంగు బయటపడుతుంది.

నికోబారీ కుర్రాళ్ల ఆటలో నాకు నచ్చేది కూడా అదే. కార్ నికోబార్‌లో తుహేత్ అని ఉమ్మడి కుటుంబాలుంటాయి. కొబ్బరి చెట్లూ పందులూ అందరివీ, ఎవరి వాటా ఎంత అని రోజూ తూచుకోరు. ఆటకూ దానికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. ఉందని నమ్మడం నాకిష్టం, అంతే.

నిన్న ఆదివారం మ్యాచ్‌కు వెళ్లాను. డిసెంబరు కదా, ఐదయ్యేసరికి పొద్దు గుంకిపోతుందని మూడింటికే మొదలుపెట్టారు. మా కుర్రాళ్ల ఎదుటి టీములో ముందు ఆడే నికోబారీ అబ్బాయిని ఎంచుకుని, బంతి ఎటు పోయినా సరే, పది నిమిషాలు వాణ్ణే చూడాలని నిర్ణయించుకున్నాను. చూడటం కష్టం సుమండీ, మెడ దానంతట అదే బంతి వైపు తిరిగిపోతుంది. వాడు కుడి మూలకు పరిగెత్తాడు, బంతి రాలేదు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పరిగెత్తాడు, రాలేదు. మూడోసారి పరిగెత్తినప్పుడు మన బ్యాక్‌లు ఇద్దరూ వాడి వెనకే మూలదాకా పోయారు. వాడు అక్కడ ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మైదానం నడిమికి చూస్తున్నాడు. ఇంతలో నా చుట్టూ జనం ఒక్కసారిగా లేచి అరిచారు. నేను తల తిప్పేలోపు అంతా అయిపోయింది. బంతి మన వలలో ఉంది.

పక్కాయన్ని అడిగాను, "కొట్టింది ఎవరండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం మాస్టారూ, నిద్రపోయారా?" అన్నాడు.